గృహిణి పద్దుపుస్తకము: చిన్న చందాలకు తగిన వాకిలి యేది?



క్రిందటి మాసమున మాకందిన జాబులలో నొకటి గుంటూరు జిల్లానుండి వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు వెల్లడింపవలదని కోరినారు. ఆమె తన అత్తగారివలనను, పొరుగూళ్ల ముదుసళ్లవలనను నేర్చిన లాలిపాటలు, మంగళహారతులు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు యూట్యూబులో పాడి వినిపించుచున్నారట. రెండేండ్లలో పదునొకండువేలమంది శ్రోతలేర్పడిరి. ఆ పాటలెఱిగిన ముదుసళ్లు ఒక్కొక్కరే కనుమూయుచున్నారు. ఊరూర దిరిగి మిగిలినవానినైన పదిలపఱచుటకు మంచి రికార్డరును, బస్సు ఛార్జీలును కావలెను. "వినువారు తలకొక పదియో యిరువదియో యిచ్చిన చాలును. ఇంటర్నెట్టులో చందాలు పుచ్చుకొను వేదికలు పెక్కు గలవనుచున్నారు. వానిలో ఏది మేలు? ఇది యాచన యని మా యింట గొందఱాక్షేపించుచున్నారు. వారికేమి చెప్పుదును?" అని యామె యడిగినారు.

రెండవ ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పుదును. అది తేలనిదే మొదటిది తేలదు. 1921లో గాంధీగారు కాకినాడకు వచ్చునప్పుడు పండ్రెండేండ్ల బాలిక యొకతె, దేవదాసీలును ఘోషా స్త్రీలును ఆయనను ప్రత్యేకముగా దర్శింపవలెనని పట్టుపట్టినది. ఆమెయే తరువాత ఆంధ్రమహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. 5,000 రూపాయల నిధి చూపిననే గాని కొద్ది నిమిషములైనను ఇప్పింపజాలమని ఊరి పెద్దలనగా, ఆ సొమ్మును దేవదాసీలే కూర్చియిచ్చిరి. దానిని యాచన యని యెవరనగలరు? మన పల్లెలలో వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు వేఱుకుండలో వేసి, నెలకొకసారి బడికో సత్రమునకో యిచ్చెడి అలవాటు మనలో పెద్దవారెఱుగుదురు. అదియు నీ చిన్న చందాయే. అయితే అక్కడ కుండలో నెంత చేరినదో, ఎవరు కొంపోయిరో వాడకంతకు తెలిసియుండెడిది. సోదరి తనకెంత కావలెనో, దేనికి గావలెనో ముందుగా జెప్పి, పిమ్మట లెక్క చూపినచో ఇంటివారి యాక్షేపణ నిలువదు. చూపనిచో వారి మాటయే నిజమగును.

ఇక వేదికల మాట. అన్నిటికంటె ముందు తెలిసికొనవలసినది ఇచ్చువారెక్కడ నున్నారన్నదే. శ్రోతలలో నూటికెందఱు ఏ దేశమువారో యూట్యూబే ఛానలు యజమానికి జూపును. ఆ పట్టిక చూడక, ఎవరో విదేశీయుడు మెచ్చుకొన్నాడని ఒక వేదికలో జేరుట, పెండ్లివారెందఱో యడుగక యెసరు పెట్టుట వంటిది.

మఱి ఈ వేదికలలో నెక్కువ ప్రసిద్ధములైనవి పరదేశములందు బుట్టినవి. పేట్రియాన్ 2013లో అమెరికాలో వెలసినది. అది నెలనెల చందా కట్టువారికి తగినది. 2025 ఆగస్టు తరువాత జేరినవారివద్ద అది నూటికి 10 పుచ్చుకొనుచున్నది. కో-ఫీ యనునది ఒక్కమాఱిచ్చు కానుకలపై తన వంతుగా నేమియు గొనదు. బై మి ఎ కాఫీ యనునది నూటికి 5 కొనును. ఇవి వేదిక పుచ్చుకొను వంతులు మాత్రమే. సొమ్మును కార్డునుండి ఖాతాకు జేర్చు సంస్థ కూలి దీనికి వేఱు. చిన్న చందాకు చేటు తెచ్చునది ఈ కూలియే. అమెరికాలో కార్డులకు సాధారణముగా నుండు కూలి నూటికి 2.9 తోబాటు ప్రతి చెల్లింపునకు 30 సెంట్లు. పది డాలర్లిచ్చినచో 59 సెంట్లు పోవును, అది సహింపదగినదే. ఒక్క డాలరే యిచ్చినచో దాదాపు 33 సెంట్లు, అనగా మూడవవంతు, దారిలోనే కరగిపోవును. ఆపైన డాలరును రూపాయిగా మార్చునప్పుడు మఱికొంత తఱుగు. రేవుదాటు బండికి బరువెంతయైనను సుంకమొకటే యన్నట్లు, చిన్న మూటవానికే నష్టమెక్కువ. కావున వెలుపలి దేశముల శ్రోతలను నెలకొక డాలరడుగుటకంటె ఏడాదికొకసారి పది డాలర్లడుగుట మేలు.

మన దేశపు శ్రోతలకు ఈ వేదికలంతగా నుపయోగింపవు. పేపాల్ సంస్థ 2021 ఏప్రిలు 1 నుండి మన దేశములోనే యొకరినుండి యొకరికి సొమ్ము చేర్చు పనిని మానినది. విదేశమునుండి వచ్చు సొమ్మునే అది యిచ్చటివారికి జేర్చును. దానినే నమ్ముకొన్న వేదికలో తెనాలిలోని శ్రోత యిరువది రూపాయలీయదలచిన దారి యుండదు. అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి, కార్డుపై నెలనెల తనంతతానే తెగు సొమ్మునకు రిజర్వు బ్యాంకి క్రొత్త కట్టుబాట్లు పెట్టినది. ముందుగా దెలియజేయక సొమ్ము తీయరాదనునది వానిలో నొకటి. అది గృహిణులకు మేలైన నియమమే. ఎన్నడో చేరి మఱచిన చందాలు మనకు దెలియక తెగిపోవుట దానివలన దగ్గినది. కాని విదేశీ వేదికలలో మనవారి కార్డులు అప్పుడు పెక్కు తిరస్కరింపబడినవి.

యూట్యూబులోనే వీక్షకులు కానుకలిచ్చు మార్గములును, నెలవారీ సభ్యత్వమును గలవు. వీక్షకుడు వేఱొక చోటికి పోనక్కఱలేదు, అంతమాత్రము సుఖము. కాని సృష్టికర్తకు ముట్టునది నూటికి 70 మాత్రమే. ఏబది రూపాయలిచ్చిన శ్రోత తాను ఏబది యిచ్చితిననియే తలచును, సోదరికి ముప్పదియైదు చేరును. ఈ సంగతి ఇచ్చువారికి జెప్పుట న్యాయమని నా తలంపు. పెక్కుమంది చెప్పరు.

ఆస్పత్రి ఖర్చువంటి యొక్క పెద్ద యక్కఱకు సొమ్ము కూర్చుటకై మన దేశముననే మిలాప్ 2010లోను, కెట్టో 2012లోను వెలసినవి. మన సోదరి పని నెలల తరబడి సాగునది గనుక వానితో నిమిత్తము తక్కువ. ఇట్టి చోట్ల ఇచ్చువారికొక్క హెచ్చరిక మాత్రము చెప్పుదును. చందాకు పైన 'మా వేదికకును కొంత' యని యొక యంకె ముందే నింపియుంచుట కొన్నిట గలదు. అది ఐచ్ఛికము. దానిని తగ్గించిన పిమ్మటనే సొమ్ము పంపుడు.

చిల్లర సొమ్మునకు మన దేశమున యూపీఐని మించినది లేదు. 2016లో వెలసిన ఈ పద్ధతిలో బ్యాంకిఖాతానుండి ఖాతాకు పంపిన పది రూపాయలు పదియు జేరును. తఱుగు లేదు. కూరలమ్మువద్ద కొత్తిమీరకట్టకు సైతము ఫోను చూపు నలవాటు మన శ్రోతలందఱకు గలదు. చెల్లింపులు సాగించు రేజర్‌పే వంటి సంస్థద్వారా చందాపుట నేర్పఱచుకొన్నచో కార్డువారును ఈయవచ్చును. దాని కూలి సాధారణముగా నూటికి 2, ఆ కూలిపై జీఎస్టీ నూటికి 18. ఏబదింటికి 48 రూపాయల 82 పైసలు వచ్చును. ఎవరెప్పుడెంత యిచ్చిరో తీరైన పట్టికయు దానితో దొరకును. ఆ రూపాయి పోయిన పోనిమ్మని నేనందును. ఏలయన, స్వంత యూపీఐలో నొక చిక్కున్నది.

అది స్త్రీలకు గట్టి చిక్కు. పెక్కుమంది యూపీఐ చిరునామాలో ఫోను నంబరే యుండును. దానిని పదునొకండువేలమంది కన్నులయెదుట పెట్టుట, వీథిగుమ్మమునకు తాళము తీసియుంచుటయే. చందా యీయనివారును అర్ధరాత్రి ఫోను చేయుదురు. యాప్‌లలో నంబరు లేని చిరునామాను గల్పించుకొనవచ్చును. తప్పక అట్లు చేయుడు. బ్యాంకిలోని పేరు మాత్రము ఇచ్చువారికి కనబడకమానదు. ఛానలుకు మాఱుపేరు పెట్టుకొన్న సోదరీమణులు దీనిని ముందే యాలోచించుకొనవలెను.

ఇంటిఖర్చుల ఖాతాలోనికి చందాలను రానీయరాదు. దీనిని పిల్లల జీతములు కట్టు ప్రతి గృహిణియు మనసున నిలుపుకొనవలెను. ఎవడో మోసగాడు ఇతరులవద్ద దోచిన సొమ్ములో నూఱు రూపాయలు మీకు బంపెననుకొనుడు. పోలీసులు ఆ సొమ్ము నడచిన దారిని వెదకుకొనుచు వచ్చి, అది చేరిన ఖాతాలను నిలిపివేయించుట మన దేశమున నిప్పుడు తఱచైనది. మీ తప్పేమియు లేకున్నను, అది విడుదలయగువఱకు బ్యాంకి చుట్టు దిరుగవలసినది మీరే. చందాలకు వేఱు ఖాతా యున్నచో ఆ నెల పాలవానికి, బడికి, మందులకు ఆటంకము రాదు. మఱియొక మాయ గలదు. "పొరపాటున ఐదువేలు పంపితిని, నాలుగువేల తొమ్మిదివందలు తిరుగబంపుడు" అని దీనముగా వ్రాయుదురు. మీ చేతితో తిరుగబంపవలదు, సంగతి బ్యాంకికి దెలుపుడు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన పని యెన్నడును లేదు. నొక్కుమన్నవాడు దొంగయే. మోసము జరిగినచో గడియ జాగుచేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అమెరికాలోని తెలుగువారు ఇట్టి పాటలకు మిక్కిలి మనసిత్తురు, ఈయనును సిద్ధపడుదురు. వారిలో రెండు తెగలున్నవి. భారత పాస్‌పోర్టుతో నున్నవారు తమ కష్టార్జితమును బ్యాంకిద్వారా పంపినచో అది విదేశీ విరాళము కాదు. కొన్ని దేశములలోని మనవారు తమ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు అక్కడి ఫోను నంబరుతోనే యూపీఐ జోడించుకొను వీలు 2023లో గలిగినది. అమెరికా ఆ దేశములలో నొకటి. అక్కడి పౌరసత్వము పుచ్చుకొన్నవారు, మన చుట్టములవలె మాటలాడినను, చట్టము దృష్టిలో విదేశీయులు. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము ప్రకారము, సాంస్కృతిక కార్యక్రమము నడపువారు విదేశీయులనుండి విరాళము గొనుటకు ముందుగా కేంద్ర ప్రభుత్వముచే నమోదుగాని అనుమతిగాని పొందవలెను. పల్లెపాటల సేకరణ సాంస్కృతిక కార్యక్రమము గాదని చెప్పుట కష్టము. వ్యాపారరీతిని వస్తువునకో సేవకో పుచ్చుకొన్న వెల యీ చట్టములోనికి రాదు. కావున సోదరి విదేశీయులను దానమడుగక, పాటల పుస్తకమునో, నెలకొక పాట నేర్పు తరగతినో వెలకమ్ముట క్షేమము. దాని తీరుతెన్నులను ఒకసారి ఆడిటరుతో మాటలాడి నిర్ణయించుకొనవలెను. ఆడిటరు ఫీజు దండుగయని తలపవలదు.

పన్ను సంగతియు నుండనే యున్నది. బంధువులు గానివారినుండి యేడాదిలో వచ్చిన కానుకల మొత్తము 50,000 రూపాయలు దాటినచో, దాటిన భాగమేకాదు, మొత్తమంతయు ఆదాయముగా నెంచబడును. ఛానలువలన వచ్చినది గనుక వృత్తి యాదాయమే యని పన్నువారనవచ్చును. ఎట్లైనను తేదీలతో పద్దు వ్రాసియుంచుటకు ఇప్పటినుండియే యొక నోటుపుస్తకము వేయుడు.

సోదరికి నా సలహా యిది. మన దేశపు శ్రోతలకు, వేఱు ఖాతాకు గట్టిన నంబరులేని యూపీఐ చిరునామాగాని, చందాపుటగాని చాలును. విదేశీయులకు పాఠమో పుస్తకమో. రికార్డరు వెల యింత, ఆఱు ఊళ్ల ప్రయాణమున కింత యని చెప్పి, అంత చేరగానే అడుగుట యాపవలెను. ఏ ఊరిలో ఏ పాట దొరకెనో, ఎంత ఖర్చయ్యెనో నెలనెల పాటకు ముందే రెండు మాటలలో వినిపింపవలెను. ఇచ్చినవారి పేర్లను వారడుగనిదే చదువరాదు. పది రూపాయలిచ్చినవారు వెయ్యి యిచ్చినవారి ప్రక్క తమ పేరు విని చిన్నబుచ్చుకొందురు. మఱియొకటి. ఇతరులు ఆమె పాటను దొంగిలించి తమ క్యూఆర్ గుర్తు నంటింపవచ్చును. అందుచే చందా చిరునామా యెక్కడ దొరకునో ప్రతి పాటలో నోటితో జెప్పుట మంచిది. పాడి యిచ్చిన ముదుసళ్లకును ఈ సొమ్ములో కొంత చేరవలెనని నా కోరిక. సోదరి జాబులో ఆ మాట లేదు.

కాకినాడనుండి వచ్చిన మఱియొక జాబులో, చందా యిచ్చినవారికి పన్ను తగ్గింపు రసీదు ఈయవచ్చునా యని యడిగినారు. వ్యక్తి ఈయజాలదు. అందులకై ఆదాయపు పన్ను శాఖవద్ద అనుమతి పొందిన ట్రస్టు, సంఘము మొదలగు సంస్థలే యీయవలెను. "రసీదు ఇత్తుము" అని యే వ్యక్తియైన మీకు వ్రాసినచో, ఆ సంస్థ పేరును నమోదు సంఖ్యను అడిగి, ఆదాయపు పన్ను శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనుడు.