ఇద్దరిలో ఒకరు.. తేలింది ఆఖరి రాత్రే

సూర్యాపేట: 2023 నవంబరు 9న పొద్దుపోయాక కాంగ్రెస్ అధిష్ఠానం శాసనసభ అభ్యర్థుల చివరి జాబితా విడుదల చేసింది. అందులో ఉన్నవి ఐదు పేర్లే. వాటిలో మూడు ఉమ్మడి నల్లగొండ జిల్లావి.. సూర్యాపేట, తుంగతుర్తి, మిర్యాలగూడ. మర్నాటితో నామినేషన్ల గడువు ముగుస్తోంది. మిర్యాలగూడ పెండింగులో ఉండటానికి సీపీఎంతో సాగిన పొత్తు చర్చలు కారణం. మిగతా రెండింటి చిక్కు మాత్రం పార్టీ లోపలిదే.

సూర్యాపేటలో పోటీ ఇద్దరి మధ్య. ఒకరు రాంరెడ్డి దామోదర్‌రెడ్డి. 'టైగర్ దామన్న'గా జిల్లాకు పరిచితులు. తుంగతుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. 1994లోనైతే స్వతంత్రుడిగానే నెగ్గారు. పునర్విభజనలో తుంగతుర్తి ఎస్సీలకు రిజర్వు కావడంతో సూర్యాపేటకు మారి 2009లో విజయం సాధించారు. 2014లో, 2018లో ఓడిపోయారు. రెండోసారి తెరాస అభ్యర్థి జగదీశ్‌రెడ్డి చేతిలో ఓటమి 5,967 ఓట్ల తేడాతో మాత్రమే. ఇంకొకరు పటేల్ రమేశ్‌రెడ్డి. 2014లో తెదేపా అభ్యర్థిగా బరిలో నిలిచి, 2017లో రేవంత్‌రెడ్డి వెంట కాంగ్రెస్‌లోకి వచ్చారు. 2018లోనే టిక్కెట్టు ఆశించి భంగపడ్డారు.

ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. కష్టకాలంలో జెండా మోసిన మనిషిని, అయిదారు వేల తేడాతో ఓడినంత మాత్రాన పక్కన పెట్టడం న్యాయమా అన్నది దామోదర్‌రెడ్డి వర్గం ప్రశ్న. వరుసగా రెండుసార్లు ఓడిన వారికే మూడోసారీ ఇస్తే కొత్తవారికి చోటెప్పుడన్నది రమేశ్‌రెడ్డి అనుచరుల మాట. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలవారు పెన్‌పహాడ్, చివ్వెంల, ఆత్మకూరు (ఎస్) మండలాల్లో పోలింగు బూత్ దగ్గర కూర్చునే కార్యకర్తలు. వారిని అడిగినవారు లేరు.

టిక్కెట్టు దామోదర్‌రెడ్డికి దక్కింది. రమేశ్‌రెడ్డి ఇంట్లో కుటుంబమంతా కంటతడి పెట్టిన దృశ్యాలు టీవీ తెరలపై కనిపించాయి. ఆయన ఫార్వర్డ్ బ్లాక్ తరఫున నామినేషన్ వేశారు. అప్పుడు మొదలయ్యాయి బుజ్జగింపులు. ఉపసంహరణకు ఆఖరి రోజైన నవంబరు 15న పార్టీ దూతలు ఇంటికి వచ్చి, నల్లగొండ లోక్‌సభ టిక్కెట్టు ఇస్తామని హామీ ఇచ్చాక ఆయన బరి నుంచి తప్పుకున్నారు. పోలింగు నవంబరు 30న. అంటే రెండు వర్గాలూ కలిసి ఓటు అడగడానికి మిగిలింది రెండు వారాలే.

పన్నెండింట ఒక్కటే

ఫలితం జిల్లావాసులకు గుర్తే. ఉమ్మడి నల్లగొండలోని 12 స్థానాల్లో 11 కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి. పోయిన ఒక్కటీ సూర్యాపేట. జగదీశ్‌రెడ్డి ఆధిక్యం 4,606 ఓట్లు. ఈ ఓటమిని పూర్తిగా టిక్కెట్టు తగాదాపైనే నెట్టడం సరికాదు. అవతల ఉన్నది మంత్రి. జిల్లా కేంద్రం హోదా, 2019లో మొదలైన వైద్య కళాశాల ఆయన చెప్పుకోవడానికి పనికొచ్చాయి. భాజపా నుంచి సంకినేని వెంకటేశ్వరరావు కూడా గట్టి పోటీదారే. అయినా, చుట్టూ ఉన్న నియోజకవర్గాలన్నీ ఒకే గాలికి కొట్టుకుపోయిన ఏడాదిలో ఈ ఒక్కచోటే అంత తక్కువ తేడాతో సీటు చేజారిందంటే, ఆ రెండు వారాల కాలయాపనను లెక్కలో వేయక తప్పదు.

అదే జాబితాలోని తుంగతుర్తి కథ వేరు. అక్కడ అద్దంకి దయాకర్ 2014లో 2,379, 2018లో 1,847 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2023లో ఆయనను కాదని, భారాస నుంచి వచ్చిన మందుల సామేల్‌కు టిక్కెట్టు ఇచ్చారు. నిరాశ ఏ మాత్రం తక్కువ కాదు. ఆలస్యమూ అదే. కానీ దయాకర్ తిరుగుబాటు జెండా ఎగరేయలేదు. సామేల్ 51 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. దయాకర్‌కు 2025లో ఎమ్మెల్సీ పదవి దక్కింది. ఇక్కడ పార్టీని కాపాడింది పద్ధతి కాదు, ఒక మనిషి సహనం. అన్నిచోట్లా అలాంటి సహనం దొరుకుతుందనుకుంటే మునుగోడును చూడాలి.

2022 మునుగోడు ఉప ఎన్నికలో కాంగ్రెస్ టిక్కెట్టుకు పాల్వాయి స్రవంతి, చలమల్ల కృష్ణారెడ్డి ప్రధానంగా పోటీపడ్డారు. మాజీ మంత్రి పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి కుమార్తె స్రవంతికే అధిష్ఠానం మొగ్గు చూపింది. ఆమెకు 23,906 ఓట్లు వచ్చాయి, ధరావతు దక్కలేదు. ఏడాది తిరగకుండానే, ఆ ఉప ఎన్నికలో భాజపా తరఫున ఓడిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్ గూటికి తిరిగి వచ్చి 2023 టిక్కెట్టు అందుకున్నారు. కృష్ణారెడ్డి భాజపా అభ్యర్థి అయ్యారు. స్రవంతి భారాసలో చేరారు. నిన్నటిదాకా ఒకే టిక్కెట్టుకు పోరాడిన ఇద్దరూ రెండు వేర్వేరు కండువాల్లో కనిపించారు. రాజగోపాల్‌రెడ్డి భారీ ఆధిక్యంతో గెలిచారు కనుక పార్టీకి ఆ నొప్పి తెలియలేదు.

పాలమూరు వైపు నాగర్‌కర్నూల్‌లోనూ ఇదే వరుస. 2018లో నాగం జనార్దన్‌రెడ్డి కాంగ్రెస్‌లో చేరగానే, ఆయనతో ఏళ్ల తరబడి తలపడిన కూచుకుళ్ల దామోదర్‌రెడ్డి తెరాస వైపు నడిచారు. 2023లో కూచుకుళ్ల తనయుడు రాజేశ్‌రెడ్డికి కాంగ్రెస్ టిక్కెట్టు రావడంతో నాగం భారాస కండువా కప్పుకున్నారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను ఇద్దరూ వంతులవారీగా రుజువు చేశారు. భారాసదీ ఇదే తీరు. అలంపూర్‌లో 2023 ఆగస్టు జాబితాలో సిట్టింగ్ ఎమ్మెల్యే అబ్రహం పేరుండగా, బీ-ఫారం మాత్రం విజయుడి చేతికి అందింది.

దరఖాస్తు ఉంది.. ఓటు లేదు

2023 ఆగస్టులో కాంగ్రెస్ ఆశావహుల నుంచి దరఖాస్తులు తీసుకుంది. జనరల్ వర్గానికి 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేల రూపాయల రుసుము పెట్టింది. 119 స్థానాలకు వెయ్యికి పైగా వచ్చాయి. వాటిని ప్రదేశ్ ఎన్నికల కమిటీ చూసింది. ఆపై స్క్రీనింగ్ కమిటీ, చివరికి దిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీ. మధ్యలో సర్వేలు. ఇన్ని మెట్లలో ఏ ఒక్కదానిపైనా సూర్యాపేట కార్యకర్తకు ఓటు లేదు. సర్వే ఫలితం బయటపెట్టరు గనుక, ఓడిన ఆశావహుడు దాన్ని నమ్మాల్సిన అవసరమూ లేదు.

ఈ పార్టీయే ఒకసారి వేరే దారి ప్రయత్నించింది. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ చొరవతో కొన్ని స్థానాల్లో పార్టీ శ్రేణులే ఓటేసి అభ్యర్థిని ఎంచుకున్నారు. దక్షిణ కన్నడలో జనార్దన పూజారి అలాగే టిక్కెట్టు గెలిచి, అసలు ఎన్నికలో ఓడారు. వడోదరలో నరేంద్ర రావత్ గెలిచినా, అక్కడ నరేంద్ర మోదీ పోటీకి దిగడంతో ఆయనను తప్పించి మధుసూదన్ మిస్త్రీని నిలబెట్టారు. ఆ తరువాత ఈ ప్రయోగం ఊసు లేదు. అమెరికాలో 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ నెలల తరబడి రాష్ట్రాలన్నీ తిరిగి ఒకరినొకరు విమర్శించుకున్నారు. ఓడిన హిల్లరీ పార్టీ మారలేదు. ఆ మరుసటి ఏడాది ఒబామా ప్రభుత్వంలోనే విదేశాంగ మంత్రి అయ్యారు. తనను ఓడించింది ఓటర్లని ఆమెకు తెలుసు.

ఇక్కడ అది చెల్లుతుందా అన్నది న్యాయమైన సందేహమే. మన పార్టీల సభ్యత్వ పుస్తకాలు ఎవరి డబ్బుతో నిండుతాయో ఊరూరా తెలిసిన సంగతి. సభ్యులే ఓటేయాలంటే, డబ్బున్నవాడు ముందు సభ్యులను కొంటాడు. అయితే ఓటు పెట్టకపోయినా చేయగలిగింది ఒకటుంది. నిర్ణయం ఆరు నెలల ముందు చెప్పడం, కారణం ఎదుట కూర్చోబెట్టి చెప్పడం. సూర్యాపేటలో దానికి బదులు ఆఖరి రాత్రి ఒక జాబితా, ఆఖరి రోజు ఒక హామీ ఇచ్చారు.

ఆ హామీ కూడా నిలబడలేదు. 2024లో నల్లగొండ లోక్‌సభ టిక్కెట్టు జానారెడ్డి తనయుడు కుందూరు రఘువీర్‌రెడ్డికి దక్కింది. ఆయన 5.59 లక్షల ఆధిక్యంతో గెలిచారు. రమేశ్‌రెడ్డికి అదే ఏడాది రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ఛైర్మన్ పదవి ఇచ్చారు. దామోదర్‌రెడ్డి 2025 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన తనయుడు సర్వోత్తమ్‌రెడ్డి అదే పార్టీలో ఉన్నారు. తరువాతి శాసనసభ ఎన్నికలు గడువు ప్రకారం 2028లో జరగాలి. సూర్యాపేట టిక్కెట్టు ఎవరికన్న చర్చ పాత బస్టాండు దగ్గరి హోటళ్లలో అప్పటిదాకా ఆగదు.