కత్తి వాళ్లది, ఉక్కు ఎవరిది?

ఏలూరు తివాచీ నేతను పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు తెచ్చారని చెబుతారు. అయినా దాన్ని పర్షియా తివాచీ అనం. తరాలుగా ఉన్నితో ముడులు వేసింది ఇక్కడి చేతులే కనుక అది ఏలూరుదే. అరబ్బు తెగల కత్తులు, గొడ్డళ్లు ఎక్కడ పుట్టాయన్న చర్చలోనూ ఇదే కొలత పెట్టాలి. వస్తువు రూపం ఒకచోట, లోహం ఒకచోట, పిడి ఇంకోచోట పుట్టవచ్చు. యెమెన్ మగవాళ్లు నడుముకు కట్టుకునే వంపు కత్తి జంబియా రూపం వాళ్లదే. ఖరీదైన జంబియా పిడికి వాడిన ఖడ్గమృగం కొమ్ము మాత్రం ఆఫ్రికాది. దాని దిగుమతిని అప్పటి ఉత్తర యెమెన్ 1982లో నిషేధించింది. అరేబియా ద్వీపకల్పంలోని ముసందం కొండల్లో షిహూ తెగవాళ్లు చేతికర్రలా పట్టుకు తిరిగే చిన్న గొడ్డలి 'జిర్జ్' కూడా ఆ కొండల గుర్తే. రూపంలో మనం వాటా అడగనక్కర్లేదు.

లోహం సంగతి వేరు. మేలైన కత్తిని అరబ్బీలో 'ముహన్నద్' అన్నారు. అంటే హింద్ ఉక్కుది అని. 9వ శతాబ్దంలో అరబ్బు తత్వవేత్త అల్-కిందీ కత్తులపై రాసిన గ్రంథంలోనూ భారతీయ కత్తులకు పెద్దపీటే. ఆ ఉక్కును మూసల్లో కరిగించిన కేంద్రాల్లో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. అక్కడి ఉక్కు తయారీని, కొనడానికొచ్చిన పర్షియా వర్తకులను బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ 19వ శతాబ్దంలో వర్ణించాడు. అంతకుముందే, 17వ శతాబ్దంలో, అదే జిల్లా ఇందల్వాయిలో కత్తులు, బాకులు తయారవుతున్నాయని ఫ్రెంచి యాత్రికుడు తెవెనో రాశాడు. సరుకు సముద్రం దాటడానికి దారీ ఉంది: మచిలీపట్నం అప్పట్లో గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఇంగ్లీషువాళ్లు ఈ లోహానికి పెట్టిన 'వూట్జ్' అన్న పేరుకు మూలం కూడా కన్నడ, తెలుగుల్లో వినిపించే 'ఉక్కు' అన్న మాటేనని పండితుల అభిప్రాయం.

అయితే అరబ్బు కత్తులన్నీ మన ఉక్కువే అందామా? అది తప్పు. మూస ఉక్కు సింహళంలోనూ, మధ్య ఆసియాలోని మెర్వ్‌లోనూ, తమిళనాట కూడా తయారైంది. యెమెన్ కత్తులకూ అల్-కిందీ కాలానికే పేరుంది. పైగా సామాన్యుడి నడుమునున్న కత్తి ఏ ఇనుముతోనైనా సాగగొట్టినది కావచ్చు. లోహాన్ని పరీక్షించకుండా ఫలానా కత్తి కోనసముద్రందని చెప్పలేం. కానీ ఈ జాగ్రత్త రెండు వైపులా వర్తిస్తుంది. కత్తి అమ్ముడైన డమాస్కస్ పేరే ఉక్కుకూ తగిలించి, మూస పట్టిన కమ్మరిని మరిచిపోవడం కూడా అంతే తప్పు. మన వాటా ఎంతో తేల్చేది మ్యూజియంలోని కత్తి మాత్రమే కాదు, కోనసముద్రం నేలలో మిగిలిన చిట్టెమూ, విరిగిన మూసలూ. ఇళ్ల పునాదుల కింద అవి మాయం కాకముందే ఆ నేలను కాపాడుకోవాలి.