పొరుగింటి కుక్క, పడోసీ హక్కు

2023 మే నెలలో మణికొండ పంచవటి కాలనీలో ఓ డెలివరీ కుర్రాడు పరుపు ఇవ్వడానికి మూడో అంతస్తుకు వెళ్ళాడు. తలుపు సగం తెరిచి ఉంది. లోపలి నుంచి డాబర్‌మన్ కుక్క మీదికి ఉరికింది. తప్పించుకునే దారి లేక అతను పిట్టగోడ ఎక్కి కిందికి దూకాడు. గాయాలతో ప్రాణం దక్కింది. రాయదుర్గం పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు. దానికి నాలుగు నెలల ముందే, జనవరిలో, బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన 23 ఏళ్ళ కుర్రాడిని జర్మన్ షెపర్డ్ తరిమింది. అతను మూడో అంతస్తు నుంచి పడి నిమ్స్ ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ఈ రెండూ వీధికుక్కల కథలు కావు. రెండు కుక్కలకూ యజమాని ఉన్నాడు, ఇల్లు ఉంది, పేరు ఉంది, మెడకు పట్టా కూడా ఉండే ఉంటుంది. లేనిది తలుపు తెరిచే ముందు కుక్కను కట్టేయాలన్న ఖయాల్ ఒక్కటే.

వీధికుక్కల సంగతి వేరు. అదే ఏడాది ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడిని వీధికుక్కలు చంపేశాయి. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ సమస్యకు మునిసిపాలిటీ ఉంది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఉన్నాయి, 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు ఉన్నాయి, 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఉన్నాయి. పొరుగింటి కుక్క విషయంలో మాత్రం రోజూ లిఫ్టులో సలాం, నమస్కారం చెప్పుకునే మనిషితోనే మాట్లాడాలి. అందుకే అది ఎక్కువ కష్టం. మనలాంటి కుటుంబాలకు ఇంకొంచెం కష్టం. ఎందుకో చెబుతాను.

"మీకు కుక్కలు పడవు కదా"

మేముండేది కొండాపూర్ వైపు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ పొలాలూ రాళ్ళగుట్టలూ చూస్తుండగానే అపార్ట్‌మెంట్లయిపోయాయి. మా బిల్డింగ్‌లో ఒకాయన రాట్‌వీలర్‌ను పెంచేవాడు. పొద్దున్నే అయిదింటికి ఎవరూ ఉండరని సెల్లార్‌లో గొలుసు లేకుండా వదిలేవాడు. ఎవరూ ఉండరని ఆయన అనుకున్న ఆ వేళే ఫజర్ నమాజ్‌కు వెళ్ళే వేళ. పాల ప్యాకెట్ల కుర్రాడు, పేపరు కుర్రాడు వచ్చే వేళ కూడా అదే. కుక్క గుర్రుమంటూ మీదికొచ్చేది. ఆయన దూరం నుంచే "ఏం చేయదండీ, ఆడుకుంటుంది అంతే" అనేవాడు. కుక్క మీదికొచ్చిన ప్రతి చోటా ఈ మాట వినపడుతుంది.

మా బిల్డింగ్ బుజుర్గ్ ఒకాయన కమిటీకి అర్జీ రాశారు. నమాజ్ బట్టలకు కుక్క నోరు తగులుతోందని, బట్టలు నాపాక్ అవుతున్నాయని అందులో ఉంది. అందులో అబద్ధం లేదు. కానీ జవాబు ఏమొచ్చిందంటే, "భాయ్‌సాబ్, మీవాళ్ళకు కుక్కలు పడవు కదా, కాస్త సర్దుకోండి" అని. అంతే, ఫైలు మూతపడింది. ఒక హిఫాజత్ సమస్య ఒక్క వాక్యంతో మజహబ్ సమస్య అయిపోయింది. కరిచే కుక్క పక్కకు పోయింది, మన 'పట్టింపు' ముందుకొచ్చింది.

రెండో అర్జీ వేరేగా రాశాం. తహారత్ మాట ఎత్తలేదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి మీదికి వచ్చిందో వరుసగా రాశాం. సంతకాలు వాచ్‌మన్ భార్యవి, వాకింగ్‌కు వెళ్ళే రెండో అంతస్తు పెద్దమ్మవి, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఓ తమిళ ఇల్లాలివి, మావి. సెల్లార్ సీసీటీవీ తీసి చూడమని అడిగాం. పది రోజుల్లో గొలుసు వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నాపాకీ మన ఇంటి మసలా, దానికి మన దగ్గర నీళ్ళున్నాయి, ఫిఖ్హ్ ఉంది. కాటు అందరి మసలా. రెండిటినీ ఒకే కాగితం మీద రాస్తే రెండోది ఓడిపోతుంది.

దీన్‌లో కుక్క దుష్మన్ కాదు

మన ఇళ్ళలో కూడా ఒక గలత్‌ఫహమీ ఉంది. కుక్కను చూస్తే రాయి తీయడమే దీన్‌దారీ అనుకునే పిల్లలున్నారు. వాళ్ళకు మనమే నేర్పాలి. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించినందుకు మగ్ఫిరత్ దొరికిన హదీస్ బుఖారీలో ఉంది. గుహవాసుల వెంట ఉన్న కుక్క ప్రస్తావన సూరహ్ కహఫ్‌లో ఉంది. శిక్షణ ఇచ్చిన వేటకుక్క పట్టి తెచ్చింది తినవచ్చని సూరహ్ మాయిదా చెబుతోంది. వేటకు, మందకు, పొలం కాపలాకు తప్ప ఊరికే కుక్కను ఇంట్లో పెంచితే సవాబ్ తగ్గుతుందన్నదీ హదీసే. రెండూ మన దీనే.

నాపాకీ సంగతిలో ఇంట్లో ఆడవాళ్ళు అనవసరంగా పరేషాన్ అవుతుంటారు, అందుకని రెండు ముక్కలు. మనలో ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో కుక్క లాలాజలం నాపాక్. దాని పొడి వెంట్రుకలు బట్టలకు రాసుకున్నంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. లాలాజలం తగిలిన చోట కడిగితే చాలు. బార్కస్ అరబ్బు కుటుంబాలు పాటించే షాఫయీ మస్లక్‌లో నియమం గట్టిది. అక్కడ తడి తగిలితే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలి. మాలికీ మస్లక్‌లో కుక్క పాక్ జంతువే. ఇంత ఇఖ్తిలాఫ్ ఉన్న విషయాన్ని పట్టుకుని కాలనీలో గొడవపడటం దేనికి? మీ ఆలిమ్‌ను అడిగి అమలు చేసుకోండి.

ఇఖ్తిలాఫ్ లేని విషయం ఒకటుంది. ఎవడి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో వాడి ఈమాన్ మీదే సవాలు ఉందని ప్రవక్త (స) చెప్పారు. పడోసీకి వారసత్వంలో కూడా వాటా ఇప్పిస్తారేమో అనిపించేంతగా జిబ్రయీల్ (అ) ఆయనకు తాకీదు చేశారు. ఈ హక్కు కుక్క యజమాని నుంచి మనకు రావాల్సింది. మన నుంచి ఆయనకు పోవాల్సింది కూడా. మన మైకు, మన బైకు, మన దావత్ రాత్రి పార్కింగ్, అన్నీ ఆయన లెక్కలో ఉంటాయి.

ఖానూన్ ఏమంటోంది

మొదట తెలుసుకోవాల్సింది, అపార్ట్‌మెంట్ కమిటీ కుక్కల పెంపకాన్ని నిషేధించలేదు. లిఫ్టు వాడొద్దనీ అనలేదు. భారత జంతు సంక్షేమ బోర్డు ఈ సంగతి మార్గదర్శకాల్లో చెప్పింది. కాబట్టి "కుక్కను తీసేయండి" అని అడగకండి, ఓడిపోతారు. "కామన్ ఏరియాలో గొలుసు పట్టండి" అని అడగండి, గెలుస్తారు. అదే బోర్డు ఆ సలహా యజమానులకూ ఇచ్చింది.

రెండోది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291. జంతువు వల్ల మనిషికి ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది సెక్షన్ 289, అప్పుడు జుర్మానా 1,000 రూపాయలే. మణికొండ కేసు పెట్టింది ఆ పాత సెక్షన్ కిందే. కుక్క కరిచేదాకా ఆగనక్కర్లేదు, నిర్లక్ష్యమే నేరం. మనిషి ప్రాణమే పోతే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన సెక్షన్ 106 వస్తుంది, దానికి అయిదేళ్ళ వరకు జైలు.

మూడోది చాలామందికి తెలియదు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద, ప్రమాదకరమైన జంతువును బంధించి ఉంచమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పెంపుడు కుక్కకు మునిసిపల్ లైసెన్సు, రేబిస్ టీకా ఉన్నాయా అని కమిటీ అడగవచ్చు. లైసెన్సు లేని కుక్కల యజమానులే మన చుట్టూ ఎక్కువ.

మెట్లు ఇలా వేసుకోండి. ముందు నోటితో, అదబ్‌తో, కుక్క పక్కన లేనప్పుడు మాట్లాడండి. తర్వాత కమిటీకి రాతలో. ఆ తర్వాత మునిసిపాలిటీకి, పోలీస్ స్టేషన్‌కు. ప్రతిసారీ తేదీ, టైము, సాక్షి పేరు, ఉంటే వీడియో. కరిస్తే ఆసుపత్రి చీటీ జత చేయండి. ఫిర్యాదు, అర్జీ, దరఖాస్తు, హక్కు, అన్నీ ఫారసీ అరబ్బీల నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలే. వాటిని వాడుకోవడానికి మనకు సిగ్గెందుకు?

చేయకూడనివి

విషం పెట్టకండి. కుక్కను చంపినా, అవిటిదాన్ని చేసినా న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ళ వరకు జైలు. అంటే కుక్కను వదిలేసినవాడికి ఆరు నెలలు, చంపినవాడికి అయిదేళ్ళు. ఖానూన్ అటుంచినా, నోరులేని మఖ్లూఖ్‌ను నరకయాతన పెట్టి చంపడానికి అల్లాహ్ దగ్గర జవాబు ఏం చెబుతాం?

కర్రలు పట్టుకుని వెళ్ళకండి. 2024 మే నెలలో రహమత్‌నగర్‌లో హస్కీ కుక్క మీద మొదలైన పొరుగు గొడవ కొట్లాట దాకా పోయింది. కుక్కనూ దాని యజమానినీ కొట్టిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ వీడియో చూసిన ఎవరూ ముందు జరిగిన తగాదా ఏమిటని అడగలేదు. కర్ర ఎత్తిన క్షణం మజ్లూమ్ కాస్తా ముల్జిమ్ అయిపోతాడు. మన పేర్లున్నవాళ్ళు కర్ర ఎత్తితే వీడియో ఇంకా దూరం తిరుగుతుంది, ఈ రోజుల్లో ఇది మీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

మన వైపు కసూర్ కూడా ఉంది. బక్రీద్ తర్వాత మూలన పారేసిన వ్యర్థాలు, షాదీ ఖానా వెనక ఎముకల గుట్టలు కుక్కల గుంపులను తయారుచేస్తాయి. ఆ గుంపు మధ్యలో పొరుగింటి కుక్కను తిప్పితే అది కూడా గుర్రుమంటుంది. రాళ్ళేసే పిల్లలున్న వీధిలో కుక్కకు ప్రతి పిల్లవాడూ దుష్మనే.

ఆ కుక్క కూడా ఖైదీయే

ఈ ఐటీ కారిడార్‌లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆఫీసుకు పోతారు. చలిదేశపు కుక్కను కొని తెచ్చి, మే నెల ఎండలో, నాలుగడుగుల బాల్కనీలో పది గంటలు కట్టేస్తారు. సాయంత్రం వదిలితే అది పిచ్చిదానిలా పరుగెత్తక ఏం చేస్తుంది? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు వ్యాయామం ఇవ్వకపోవడం కూడా నేరమే. యజమానితో మాట్లాడేటప్పుడు ఈ వైపు నుంచి మొదలుపెట్టి చూడండి. "మీ కుక్క చెడ్డది" అంటే తలుపు మూసుకుంటుంది. "పాపం, పొద్దంతా ఒంటరిగా అరుస్తోంది, ఎవరైనా తిప్పే మనిషిని పెట్టండి" అంటే మాట సాగుతుంది.

కాటు పడితే

ముందు ధారగా పడే నీళ్ళు, సబ్బు, పూర్తిగా పదిహేను నిమిషాలు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి పెట్టకండి. దమ్ చేయించాలనుకుంటే టీకా వేయించుకుని వచ్చాక చేయించండి, దవా వద్దని దుఆ చెప్పదు. చర్మం లోపలికి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన కాటుకు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి, అడిగి ఇప్పించుకోండి. నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ వైద్యానికి పేరున్న చోట్లు. "మా కుక్కకు టీకాలన్నీ వేయించాం" అని యజమాని చెబితే కార్డు చూడండి, కుక్కను పది రోజులు గమనించండి, కానీ మీ టీకా ఆపకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

చివరగా, ఈ రోజు కూడా మన ఇళ్ళ కుర్రాళ్ళు ఎందరో బ్యాగు భుజాన వేసుకుని హైటెక్ సిటీ ఫ్లాట్ల మెట్లెక్కుతారు. ఏ తలుపు వెనక ఏముందో వాళ్ళకు తెలియదు. మీ కమిటీ మీటింగ్‌లో ఒక్క నియమం పెట్టించండి: బెల్ మోగితే ముందు కుక్కను లోపలి గదిలో పెట్టాలి, తర్వాతే తలుపు తీయాలి. దీనికి ఖర్చు లేదు, మజహబ్ లేదు, కుక్కకు నష్టం లేదు. అడగడానికి మీ పిల్లవాడిని కరిచేదాకా ఆగకండి.

పడోసీ హక్కు అడిగే ధైర్యాన్నీ, ఇచ్చే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.