మార్కులు సరే, బ్యూరెట్ ఎవరి చేతిలో ఉంది?

"మీ ఆడపిల్లలకి ప్రాక్టికల్స్‌లో 30కి 30 వస్తున్నాయి కదా మేడమ్, ఇంకా ఏమిటి మీ బాధ?"

ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ యజమాని నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఇరవై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. అయినా ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ 30 మార్కులు వేసిన చేతుల్లో నా చెయ్యి కూడా ఉంది. ఆ జవాబు ఇప్పుడు చెప్తాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. పరీక్షలకు ముందు చివరి ల్యాబ్ క్లాసు. ఆక్జాలిక్ ఆమ్లంతో పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్. 0.05 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లం 20 మి.లీ. పిపెట్‌తో తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60, 70 డిగ్రీల దాకా వేడి చేసి, బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ని చుక్క చుక్కగా వదలాలి. పోని లేత గులాబీ రంగు వచ్చిన చుక్క దగ్గర ఆపాలి. రికార్డు పుస్తకాలన్నిటిలోనూ రీడింగ్ 20.0 అని ఉంటుంది. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, నాకు రెండుసార్లూ 20.8 వచ్చింది" అంది. నేను తలెత్తి కూడా చూడలేదు. "అందరికీ 20 కదా, నువ్వూ 20 వేసుకో" అన్నాను. ఆ పిల్ల రబ్బరుతో తుడిచేసి 20 వేసుకుంది.

సాయంత్రం ల్యాబ్ సర్దుతుంటే పర్మాంగనేట్ సీసా అడుగున గోధుమరంగు మడ్డి కనిపించింది. ఎప్పుడో కలిపి వెలుతురులో పెట్టిన ద్రావణం అది. అలా ఉంచితే విచ్ఛిన్నమై బలం తగ్గిపోతుంది. అనుమానం వచ్చి, 1.575 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం తూచి, 250 మి.లీ. ద్రావణం కొత్తగా చేసి, నేనే టైట్రేట్ చేశాను. 20.8 వచ్చింది.

లెక్క చూడండి. 20 మి.లీ. 0.05 మోలార్ ద్రావణంలో ఉన్నది 1 మిల్లీమోల్ ఆక్జాలిక్ ఆమ్లం. 5 మోల్స్ ఆక్జాలిక్ ఆమ్లానికి 2 మోల్స్ పర్మాంగనేట్ కావాలి కనుక, దీనికి పట్టేది 0.4 మిల్లీమోల్. దాన్ని 20తో భాగిస్తే 0.02 మోలార్. 20.8తో భాగిస్తే 0.0192. సీసా మీద చీటీ 0.02 అంటోంది, సీసాలో ఉన్నది 0.0192. ఆ గదిలో నిజం పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఆ నిజాన్ని తుడిపించింది నేను. మర్నాడు ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు. పరీక్షలో 30కి 30 మాత్రం వేయించాను.

అందుకే అంటున్నాను, ఈ ఫుల్ మార్కులు దయ కాదు. పిల్ల చేతిలోంచి ఒకటి లాగేసుకుని, అడగకుండా ఉండడానికి చేతిలో పెట్టే తాయిలం.

ఏమిటి లాగేసుకుంటున్నాం? కోఎడ్యుకేషన్ కాలేజీల్లో ఏ ల్యాబ్‌కైనా వెళ్ళి అరగంట నిలబడి చూడండి. నలుగురికో బ్యూరెట్ ఇస్తారు. దాన్ని పట్టుకునేది అబ్బాయి. రీడింగ్ రాసుకునేది అమ్మాయి. "అమ్మాయిల చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" కాబట్టి బొమ్మలు గీసేది, అబ్బాయిల రికార్డులు కూడా పూర్తిచేసి పెట్టేది వాళ్ళే. గంట కొట్టాక టెస్ట్‌ట్యూబులు కడిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఇంట్లో వంటగదికీ కాలేజీలో ల్యాబ్‌కీ ఏమిటి తేడా? అక్కడా చాకిరీ మనదే, ఇక్కడా చాకిరీ మనదే. నిర్ణయించే చెయ్యి మాత్రం ఇంకొకరిది.

అడిగితే వచ్చే మొదటి జవాబు, "యాసిడ్‌తో పని అండీ, మొహం మీద పడితే రేపు పెళ్ళెలా అవుతుంది?" 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. అది జరిగింది ల్యాబ్‌లో కాదు, కాలేజీ నుంచి ఇంటికి వెళ్ళే దారిలో. పోసింది పిపెట్ జారిన ఆడపిల్ల కాదు, కాదన్నందుకు పగబట్టిన మగవాళ్ళు. ఆడపిల్ల మొహం మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్ళు కళ్ళద్దాలు కొనివ్వండి, ఏప్రన్ కుట్టించండి. పిపెట్‌తో నోటితో పీల్చే పద్ధతి మాన్పించి రబ్బరు బల్బు ఇవ్వండి. చున్నీ, జడ వెనక్కి ముడివేసుకోమని మొదటి రోజే చెప్పండి. జాగ్రత్త నేర్పకుండా చెయ్యి వెనక్కి లాగడానికి రక్షణ అని పేరు పెట్టకండి.

ఈ "రక్షణ" కొత్తదేమీ కాదు. 1933లో కమలా సొహోనీ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరడానికి వెళ్తే, ఆడపిల్ల అన్న కారణంతో డైరెక్టర్ సి.వి.రామన్ కాదన్నాడు. ఆమె పట్టుబడితే చివరికి షరతులు పెట్టి చేర్చుకున్నాడు. ఆమె వల్ల ప్రయోగశాల వాతావరణం చెడకూడదనేది వాటిలో ఒకటి! నోబెల్ బహుమతి పొందిన మనిషికి కూడా ల్యాబ్‌లో ఆడమనిషి కనిపించింది కానీ శాస్త్రవేత్త కనిపించలేదు. ఆమె పనిచేసి చూపించింది. 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి పొందింది. ఇప్పుడు షరతులు కాగితం మీద లేవు, బల్ల దగ్గర ఉన్నాయి.

"అబ్బాయిలకి మాత్రం ల్యాబ్‌లు సరిగా ఉన్నాయా?" అని కొందరంటారు. నిజమే. అద్దె భవనాల్లో నడిచే కాలేజీల్లో ల్యాబ్ అంటే తాళం వేసిన ఒక గది. ఎంట్రన్స్ పరీక్షలో బ్యూరెట్ ఉండదు కాబట్టి ఎవరికీ పట్టదు. పరీక్షకు వారం ముందు రీడింగులు బోర్డు మీద రాసేస్తారు, వాటినుంచి వెనక్కి లెక్క కట్టిస్తారు. కానీ అబ్బాయికి చెయ్యి తిరగడానికి వేరే చోట్లున్నాయి. మోటారు విప్పుతాడు, మెకానిక్ షెడ్డులో కూర్చుంటాడు. పాడుచేసినా "నేర్చుకుంటున్నాడులే" అంటారు. ఆడపిల్ల ఒక వస్తువును విప్పి, కలిపి, పాడుచేసి, మళ్ళీ చేసి నేర్చుకునే హక్కున్న చోటు బడి ఒక్కటే. అది కూడా తీసేస్తే ఆమెకు మిగిలేది కంఠస్థం.

టైట్రేషన్ నేర్వకపోతే కొంపలు మునుగుతాయా అని నవ్వేవాళ్ళకు ఒక్క మాట. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వమే రాసుకుంది. ఫ్లోరైడ్ ఎముకలు వంచేసిన నల్గొండ నేల మనది. లీటరు తాగే నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. రేపు ఒకావిడ కిట్‌లో రంగు పోల్చి చూసి 2 అని చెప్తుంది. "అందరికీ 1 వచ్చింది కదమ్మా, నువ్వూ 1 రాయి" అని ఊరి పెద్దో కాంట్రాక్టరో అంటాడు. ఆ క్షణంలో ఆమె ఏం చేస్తుందనేది ఆ రోజు నిర్ణయం కాదు. పదిహేడేళ్ళప్పుడు ల్యాబ్‌లో ఎవరో ఒక లెక్చరరు ఆమె చేత రబ్బరు పట్టించిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తను కొలిచిన అంకె మీద నిలబడడం అనేది నేర్పితే వచ్చేది. మనం నేర్పుతున్నది తుడుచుకోవడం.

కాబట్టి మనం అడగాల్సింది మార్కులు కాదు. ప్రతి అమ్మాయి ఏడాదిలో కొన్నిసార్లైనా ఒంటరిగా, మొదటి నుంచి చివరి దాకా ప్రయోగం చేయాలి. బ్యూరెట్‌ని పోయబోయే ద్రావణంతోనే ఎందుకు కడగాలో, కోనికల్ ఫ్లాస్కును ఒట్టి నీళ్ళతోనే ఎందుకు కడగాలో ఆమే చెప్పాలి. పుస్తకంలో అంకెకు కాదు, ఒకదానికొకటి సరిపోయిన సొంత రీడింగులకు మార్కులు వేయాలి. తప్పు రీడింగ్‌ను రబ్బరుతో తుడవకూడదు. ఒక గీత కొట్టి, పక్కన కారణం రాయాలి. కడగడం, రాయడం వంతులవారీగా అబ్బాయిలు కూడా చేయాలి. ల్యాబ్ గంటలు ఆఖరి బస్సు తప్పిపోయే వేళకు పెట్టకూడదు. తల్లులుగా మనం కాలేజీలో చేర్చేముందు హాస్టల్ గది చూస్తాం, ఫీజు బేరమాడతాం. ల్యాబ్ తాళం తీయించి ఎన్నిసార్లు చూశాం?

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఈ పత్రిక ఆమె చేతికి చేరితే ఒక్క మాట చెప్పాలి. అమ్మా, ఆ రోజు నీది తప్పు కాదు. 20.8 సరైన రీడింగే.