మూడు రోజులు చట్టానికి సెలవు

ఏటా జనవరి మొదటి వారంలో ఒక తంతు నడుస్తుంది. కోడిపందాలు ఆడితే కఠిన చర్యలు తప్పవని పోలీసు అధికారులు ప్రకటిస్తారు. కత్తులు కట్టేవాళ్లను పిలిచి బైండోవర్ చేస్తారు. భోగినాడు పొద్దెక్కేసరికి భీమవరం చుట్టుపక్కల బరులు లేస్తాయి. టెంట్లు, ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, పక్కనే గుండాట, పేకాట. కొన్ని బరులను ప్రజాప్రతినిధులే దగ్గరుండి ప్రారంభిస్తారు. కనుమ దాటాక ఖాకీ బట్టలు మళ్లీ కనిపిస్తాయి.

జంతువులను కొట్లాటకు ఉసిగొల్పడం, అందుకు స్థలం ఇవ్వడం నేరమని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం చెబుతోంది. శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారి పట్టుబడితే పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. లక్షలు చేతులు మారే చోట యాభై రూపాయలంటే బరి పక్కన పకోడీ పొట్లం ఖర్చు. 2016 డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు పందాలను అడ్డుకోవాలని, మండలానికో తనిఖీ బృందం వేయాలని ఆదేశించింది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతులను అందరూ టీవీల్లో చూశారు.

సంప్రదాయం అంటున్నారు. పల్నాటి నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరును గుర్తు చేస్తున్నారు. ఆ కథలో పందెం ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడిచిపోయారు, చివరికి కారంపూడిలో నెత్తురు పారింది. ఆ ముగింపు మాత్రం ఎవరూ చెప్పరు. సరే, ఆటే కావాలంటే కత్తి లేని డింకీ పందెం ఉంది. అదీ చట్టం ఒప్పుకోనిదే, అదీ హింసే. కానీ దానితో ఎందుకు సరిపెట్టుకోరు? కత్తి ఉంటే నిమిషాల్లో ఒక కోడి చస్తుంది, వెంటనే మరో జత దిగుతుంది, పందెం డబ్బు తొందరగా తిరుగుతుంది. అంటే కత్తి కట్టించేది సంప్రదాయం కాదు, జూదం. గోదావరి జిల్లాల రైతును, ఏడాది పొడవునా కోడిని సాకే కూలీని మేము నిందించడం లేదు. లాభం వాళ్లది కాదు.

తమిళనాడును చూడండి. జల్లికట్టును 2014 మేలో సుప్రీంకోర్టు నిషేధించింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరంలో విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు. ప్రభుత్వం దిగివచ్చి చట్టాన్ని సవరించింది. 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. ఆ ఫలితం మాకు పూర్తిగా నచ్చిందని కాదు, ఎద్దుల కింద పడి పోరగాళ్లు చస్తూనే ఉన్నారు. కానీ వాళ్లు బహిరంగంగా అడిగారు, సభలో మార్చుకున్నారు. మన దగ్గర చట్టాన్ని మార్చే ధైర్యమూ లేదు, అమలు చేసే నిజాయితీ అంతకన్నా లేదు.

ఇది ఆంధ్ర తీరపు గొడవ, మనకేంటి అనుకుంటే పొరపాటు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో కోడికి కట్టిన కత్తి తగిలి ఒక మనిషి ప్రాణం పోయింది. కోడిని గొల్లపల్లి ఠాణాలో ఉంచితే దేశమంతా నవ్వింది, చచ్చినోడి ఇంటి సంగతి ఎవరికీ పట్టలేదు. 2025 ఫిబ్రవరిలో మొయినాబాద్ దగ్గర ఫాంహౌజ్ మీద దాడి జరిగితే పదుల మంది పెద్దమనుషులు దొరికారు. అక్కడ ఏ పండుగ ఉంది? ఏ దేవుడున్నాడు?

మరి ఎల్లమ్మకు, మైసమ్మకు కోసే కోడి మాటేంటని కొందరు మిత్రులు అడుగుతున్నారు. అది వేరే చర్చ. మతాచారం ప్రకారం చంపడాన్ని 1960 చట్టం నేరంగా చూడదు. గుడి దగ్గర బలిని ఆపేందుకు 1950 నాటి మరో చట్టం ఉంది. దాని మీద వాదించుకుందాం. కానీ మొక్కు తీర్చుకునే పేద తల్లిని అడ్డం పెట్టుకొని జూదగాళ్లు తప్పించుకోవడాన్ని మేము ఒప్పుకోము.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడిగేది ఇంతే. యాభై రూపాయల జరిమానాను మార్చమని కేంద్రం మీద ఒత్తిడి తేవాలి. బరికి భూమి ఇచ్చినవాడి మీద, దాన్ని ప్రారంభించిన నాయకుడి మీద కేసు పెట్టాలి. పండుగ మూడు రోజుల్లో ఏ ఠాణా పరిధిలో ఎన్ని బరులు నడిచాయో, ఎందరిని పట్టుకున్నారో కనుమ మరునాడే ప్రకటించాలి. సున్నా అని రాసిన ఠాణా అధికారిని ముందుగా పిలిచి అడగాలి.