ఆ పాత పుస్తకాలు పారేయొద్దు

సంపాదకులకు,

ఎయిడ్స్‌పై మీ గత సంచిక వ్యాసం 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం తొలి కేసులు గుర్తించడంతో మొదలై, ఇప్పటి మాత్రలతో ముగిసింది. మధ్యకాలంలో బతికి బట్టకట్టినవాళ్లు ఏరి?

ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ తొలినాళ్ల మందుల్లో స్టావుడిన్ ఒకటి. ప్రాణం నిలిపింది గానీ, చాలామందికి బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి. నోరు విప్పకముందే ముఖం జబ్బు సంగతి చెప్పేసేది.

అలా బతికినవాళ్లలో హిజ్రాలున్నారు, మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లున్నారు. హిజ్రాల గురించి తెలుగులో చేతికందే పుస్తకం ‘ఒక హిజ్రా ఆత్మకథ’. పి.సత్యవతి అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. మంచిదే, కానీ అది రాసిన రేవతిది తమిళనాడు జీవితం. మన ఉత్తరాంధ్ర మాట ఎక్కడ?

కొత్తవలస జంక్షన్‌లో బండి మారి ఆస్పత్రులకు తిరిగినవాళ్ల కథలు ఇక్కడి యాసలోనే రికార్డు చేయాలి. నెలనెలా బరువు, అప్పుడప్పుడు రోగనిరోధక కణాల (సీడీ4) లెక్క రాసిన మందుల పుస్తకాలు, సంఘాల కరపత్రాలు, ఫొటోలు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయం భద్రపరచవచ్చు. పేర్లు మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే. 2017 హెచ్‌ఐవీ చట్టం కోరేదీ అదే.

— ఒక పాఠకుడు, కొత్తవలస