హక్కుకు పైరవీ ఎందుకు?

మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చిన రోజున మన ఇళ్లలో మొదట జరిగే పని, తెలిసిన పెద్దమనిషి కోసం వెతకడం. కళాశాల సర్టిఫికెట్లు ఆపితే కార్పొరేటర్ గుమ్మానికి, యజమాని జీతం ఎగ్గొడితే పార్టీ కార్యాలయానికి పరుగెత్తుతాం. ఆయన ఒక ఫోను చేస్తాడు. పని జరిగితే జన్మంతా రుణపడి ఉంటాం. జరగకపోతే నసీబు అని సరిపెట్టుకుంటాం. చట్టం మనకిచ్చిన హక్కును మన చేతులతోనే ఇంకొకరి దయగా మార్చివేస్తున్నాం. మనపై సాగుతున్న వివక్షకు ఈ పైరవీ అలవాటే ఊతమిస్తున్నదని మేము నిర్మొహమాటంగా చెప్పదలచుకున్నాం.

ఇంటి సంగతే చూద్దాం. బుల్డోజర్ కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. కూల్చే ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. దానిని రిజిస్టర్డ్ పోస్టులో పంపడమే గాక కట్టడానికి కూడా అంటించాలి. యజమాని వాదన స్వయంగా వినాలి. తుది ఉత్తర్వు వెలువడ్డాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఉల్లంఘించిన అధికారి సొంత సొమ్ముతో నష్టం పూడ్చాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు, నది వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు, న్యాయస్థానమే కూల్చమన్న వాటికి ఈ రక్షణ లేదు. మిగిలినవారికి మాత్రం ఆ 15 రోజులే ప్రాణవాయువు. ఆ రోజులను పెద్దమనుషుల వరండాల్లో ఎదురుచూస్తూ గడిపివేస్తే, వాదన వినిపించవలసిన తేదీ దాటిపోతుంది. అప్పుడు తీర్పు ఉండీ మనకు అక్కరకు రాదు.

విద్యార్థుల గోడు ఇంకొక రకం. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం విడుదల చేయలేదని కళాశాలలు పిల్లల సర్టిఫికెట్లను పట్టి ఉంచుతున్నాయి. బాకీ ప్రభుత్వానిది, శిక్ష బిడ్డది! ఇదెక్కడి న్యాయం? అసలు ధ్రువపత్రాలను పరిశీలించి తిరిగి ఇచ్చివేయాలని, కళాశాల వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. ఆ మాటను ఉటంకిస్తూ ప్రిన్సిపాల్‌కు లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి, నకలుపై ముద్ర వేయించుకున్న తల్లిదండ్రులు మనలో ఎందరు? అప్పు చేసి ఫీజు కట్టి ఊరకున్నవారే ఎక్కువ.

ఉద్యోగి విషయానికి వద్దాం. తొలగించినా, తానే రాజీనామా చేసినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లోగా ముట్టజెప్పాలని వేతనాల కోడ్ నిర్దేశిస్తున్నది. వేతన చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత. అయినా మన యువకులు దుకాణాల్లో, వర్క్‌షాపుల్లో ఏళ్ల తరబడి నోటిమాట మీదనే పనిచేస్తున్నారు. రేపు కార్మిక శాఖ అధికారి ముందు నిలబడినప్పుడు చూపించడానికి వారి చేతిలో ఏముంటుంది? దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఆదేశిస్తున్నది. దానిని పారాయణం చేసే సమాజమే కాగితం పట్ల ఇంత నిర్లక్ష్యంగా ఉండడం విచారకరం.

‘చట్టాలుంటే సరిపోతుందా, అమలుచేసేది ఎవరు?’ అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. ఆదేశాలను తుంగలో తొక్కే అధికారులున్నారు. పేరు చూసి ఇల్లు అద్దెకివ్వని, ఉద్యోగమివ్వని ప్రైవేటు వ్యక్తులను నిలదీసే సమగ్ర చట్టం ఈ దేశంలో నేటికీ లేదు. సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ 2006లో సిఫారసు చేసింది. అది ఇంతవరకు ఏర్పడలేదు. ఇది పాలకుల ద్రోహమే. కానీ లేని చట్టం కోసం పోరాడేవారు ఉన్న చట్టాన్ని వాడుకోవద్దా? ముద్ర వేసిన అర్జీ, తేదీ ఉన్న రసీదు చేతిలో లేనప్పుడు ఎంత మంచి వకీలైనా ఏం చేయగలడు?

అందుచేత మసీదు కమిటీలకు మా విజ్ఞప్తి ఇది. జుమా నమాజు తరువాత ఒక గంటసేపు ఒక న్యాయవాదిని, అర్జీ రాయగల ఒక యువకుడిని కూర్చోబెట్టండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, కార్మికులు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు. ఈ సంగతిని ప్రతి మసీదు గోడమీద, ప్రతి మదర్సా ద్వారం వద్ద రాయించండి. ఇక ఓట్ల కోసం వచ్చే నాయకుల మాటకు వస్తే, ఒక్క ఫోను చేసిపెట్టమని వారిని ప్రాధేయపడిన కాలం చాలు. సమాన అవకాశాల చట్టం ఎప్పుడు తెస్తారో రాతపూర్వకంగా చెప్పమని ఇకపై వారిని అడుగుదాం.